రెండో లైను ముట్టుకోకండి

మనిషిని గుర్తుపట్టే బ్యాంకు కన్నా ప్రమాదకరమైనది లోకంలో మరొకటి లేదు! ఈ మాట నేను బాగా ఆలోచించే అంటున్నాను. తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టామో లేదో "మోకాలి నొప్పి తగ్గిందా?" అని పలకరించే చోట డబ్బు దాచుకోవడం ఎంత సిగ్గుమాలిన పని! డబ్బుకూ మోకాలికీ ఏమిటి సంబంధం?

అదృష్టవశాత్తూ మా బ్యాంకు ఈ దురలవాటు నుంచి బయటపడింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా నేలమాళిగలో కూర్చుని మా అందరి ఖాతాలూ చూసుకున్న మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరును పోయిన ఏడాది పీకి పారేసింది. ఆ రోజు నుంచి బ్యాంకుకు నేనెవరో తెలియదు. మా మేనత్త ఎవరో తెలియదు. ఒక్కో సోమవారం తానెవరో తనకే తెలియదు. ఇంతకన్నా సుఖం ఏముంటుంది?

మెయిన్‌ఫ్రేమ్ అంటే ఏమిటో తెలియని పిల్లలు కూడా ఈ కాలమ్ చదువుతారని మా ఎడిటరు గారి భ్రమ. ఆయన కోసం చెబుతున్నాను. నాలుగు బీరువాలు పక్కపక్కన నిలబెడితే ఎంత ఉంటుందో అంత కంప్యూటరు అది. దానికొక చల్లటి గది. ఆ గదికొక పెద్దాయన. బయట ఎండ మండిపోతున్నా ఆయన స్వెట్టరు వేసుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని తిరిగేవాడు. అందరూ ఆయన్ని నేలమాళిగ పెద్దాయన అనేవారు. అసలు పేరు జీతాల సెక్షనుకు తెలుసునేమో.

ఆ యంత్రం చేసిన నేరాలు ఒకటా రెండా! అన్నిటికన్నా ఘోరమైనది, అది ఆగేది కాదు. ముప్పై ఎనిమిదేళ్ళలో పనివేళల్లో ఒక్కసారి కూడా ఆగలేదట. దానివల్ల సమాజానికి జరిగిన నష్టం ఎవరైనా అంచనా వేశారా? జనం వచ్చేవారు, అయిదు నిమిషాల్లో పని ముగించుకునేవారు, వెళ్ళిపోయేవారు. పక్కవాడి మొహం చూసే తీరిక కూడా ఉండేది కాదు.

ఇప్పుడో? "సిస్టం డౌన్" అని అట్ట ముక్క వేలాడదీస్తారు. క్యూ వీధి మలుపు దాకా పాకుతుంది. ఆ క్యూలో స్నేహాలు కలుస్తాయి, సంబంధాలు కుదురుతాయి. చంటిపిల్లను ఎత్తుకొచ్చిన ఒకామె, ఆ పిల్లను నడిపించుకుంటూ తిరిగి వెళ్ళింది. ఖాతా మూసెయ్యడానికి కోపంగా వచ్చిన ఒకాయన గడ్డం నెరిసి, వైరాగ్యం వచ్చి, మూసెయ్యకుండానే వెళ్ళిపోయాడు. ఖాతాదారు ఎటూ పోకుండా నిలబెట్టుకోవడం అంటే ఇదీ!

ఈ ఘనకార్యానికి ఏడేళ్ళు పట్టింది. మూడు కన్సల్టెన్సీ కంపెనీలు వచ్చాయి. మొదటి కంపెనీ గోడల నిండా బొమ్మలు గీసింది. రెండోది ఆ బొమ్మలు తప్పని తేల్చింది. మూడోది ఆ బొమ్మలకే నీలం రంగు వేసి ఇచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను మనం చాలామందిని చూశాం. మా బ్యాంకు అంత ఆలస్యం చేసే రకం కాదు. ఏటి మధ్యలో ఉండగానే తగలేసింది.

పాత యంత్రం సంగతులు తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడని మూడో కంపెనీకి ఎవరో చెప్పారు. నేలమాళిగ పెద్దాయన్ని పైకి పిలిపించారు. ఆయనకు పదకొండు నిమిషాలు కేటాయించారు. పది నిమిషాలు వాళ్ళే మాట్లాడారు. మిగిలిన నిమిషంలో ఆయన ఒక్క మాట అన్నాడు.

"ఏం చేసుకున్నా చేసుకోండి బాబూ. రెండో అడ్రసు లైను మాత్రం ముట్టుకోకండి."

మీటింగు కాగితంలో "ఉద్యోగికి మార్పంటే భయం" అని రాసుకున్నారు. ఆ మరుసటి నెలే ఆయనకు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపించారు.

ఆ రెండో లైను కథ ఏమిటంటే, పాత యంత్రంలో ప్రతి ఖాతాకూ చిరునామా రాయడానికి రెండు లైన్లుండేవి. చాలామందికి ఒక్కటి సరిపోయేది. రెండోది ఖాళీగా పడి ఉండేది. ముప్పై అక్షరాలు పట్టే చోటు. కౌంటరులో కూర్చునే గుమాస్తాలు ఊరికే ఉంటారా? వచ్చిన మనిషి గురించి తరవాత కూర్చునే గుమాస్తాకు తెలియవలసిన ముక్కను అందులో రాయడం మొదలుపెట్టారు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఒకళ్ళను చూసి ఒకళ్ళు నేర్చుకున్నారు.

"చెవుడు. గట్టిగా చెప్పు." "చదువు రాదు. ఫారం మనమే." "కోపిష్టి. మనిషి మంచివాడు." ముప్పై అక్షరాల్లో మనిషిని ఇమడ్చడం మాటలు కాదు. మా పత్రికలో ఆరు కాలమ్‌లు రాసేవాళ్ళకు కూడా చేతకాదు.

చూశారా అన్యాయం? మనకు తెలియకుండా మన గురించి తెలుసుకోవడం! పైగా దాన్ని మన మేలు కోసం వాడటం! ఇంతకన్నా దుర్మార్గం ఉంటుందా?

కొత్త సిస్టం వచ్చిన వారంలో బ్యాంకు ఖాతాదారులందరికీ ఉత్తరాలు పంపింది. లోపల నిగనిగలాడే కాగితం మీద "ఇకపై మిమ్మల్ని మేము మరింత బాగా తెలుసుకుంటాం" అని ఉంది. కవరు మీద కొత్త సిస్టం తనకు తెలిసినదంతా అచ్చు వేసింది. మొదటి లైనూ వేసింది. రెండో లైనూ వేసింది.

మా వీధిలో ఆ ఉదయం పోస్ట్‌మాన్ ముసిముసిగా నవ్వుకుంటూ తిరిగాడు. లాయరు గారి కవరు మీద "ఏదీ చదవడు. మనమే చదవాలి" అని ఉంది. బేకరీ యజమాని కవరు మీద "కొడుకొస్తే ఏమీ చెప్పకు" అని ఉంది. ఆ కవరు అందుకున్నది కొడుకే. ఆ రోజు బేకరీ తెరవలేదు.

వడ్రంగి కవరు మీద "భార్య పేరు ఎత్తకు. ఏడుస్తాడు" అని ఉంది. ఆయన దాన్ని పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. "వాళ్ళకు ఇది కూడా తెలుసా?" అన్నాడు. అది ఫిర్యాదో కాదో నాకు అర్థం కాలేదు.

నా కవరు సంగతి మీకు అనవసరం.

మా మేనత్త కవరు మీద "చెయ్యి వణుకు. సంతకం సరే అను" అని ఉంది. అత్తయ్యకు డెబ్భై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళు టైలరింగ్ షాపు నడిపింది. పదకొండేళ్ళ కిందట చెయ్యి వణకడం మొదలైతే షాపు మూసేసింది. ఇప్పుడు రెండు కళ్ళకూ శుక్లాలు. భూతద్దం పెట్టుకుని కవరును రెండుసార్లు చదివింది.

"నా చెయ్యి గురించి నాకు చెప్పకుండా నలుగురూ మాట్లాడుకున్నారన్నమాట," అని నవ్వింది. భూతద్దం పక్కన పెట్టి, "అందుకా, ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు? నా సంతకం ఇంకా బాగానే ఉందనుకున్నాన్రా," అంది.

కవర్ల మీద గొడవ పెద్దదైంది. బ్యాంకు పెద్దలు తలలు పట్టుకున్నారు. పట్టుకున్న తలల్లోంచి ఒక ఆజ్ఞ వెలువడింది: రెండో లైన్లన్నీ చెరిపెయ్యండి. ముప్పై ఎనిమిదేళ్ళు రాసినవి నాలుగు సెకన్లలో చెరిగిపోయాయి. పాత యంత్రానికి ఇంత వేగం ఎక్కడిది? కొత్తదాని సత్తా నాకు అప్పుడే అర్థమైంది.

సరిగ్గా ఆ తరవాతి వారం అత్తయ్యను కంటి డాక్టరు కూర్చోబెట్టి, "ఈ నెలాఖరు లోపల చేయించుకోవాలి. ముదిరిపోతే ఆపరేషన్ కష్టమవుతుంది," అని చెప్పాడు. ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను.

"వద్దు. నువ్వు పెడితే బతికినన్నాళ్ళూ ఆ కంటితో నిన్నే చూస్తూ కూర్చోవాలి. నా దగ్గర ఉంది," అంది.

ఉన్నమాట నిజమే. బ్యాంకులో ఉంది. ఇద్దరం వెళ్ళాం. కౌంటరమ్మాయి నవ్వుతూ లేచి నిలబడింది. అమ్మాయి అని మేం అంటున్నాం గానీ ఆ కుర్చీలో ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటోంది. అత్తయ్య ఫారం మీద సంతకం పెట్టింది. కౌంటరమ్మాయి దాన్ని యంత్రానికి చూపించింది. నవ్వు తగ్గింది.

"పెద్దమ్మగారూ, సంతకం కలవడం లేదంటోంది."

"ఎవరు?"

"సిస్టమండీ."

"నువ్వేమంటున్నావు?"

"నేనేమన్నా అది వినదండీ."

కొత్త సిస్టం అత్తయ్య సంతకాన్ని ఖాతా తెరిచిన నాటి సంతకంతో పోల్చి చూస్తుంది. అప్పుడు ఆమెకు ముప్పై ఆరేళ్ళు. సూదిలో దారం చూడకుండా ఎక్కించే చెయ్యి అది. నూటికి ఎనభై కలవాలి. నలభై ఒకటి కలిసింది.

"నలభై ఒకటా? లెక్కల్లో నాకు అంతకన్నా తక్కువే వచ్చేవి. అయినా పాస్ చేశారు," అంది అత్తయ్య.

పోనీ వేలిముద్ర అన్నారు. నలభై ఏళ్ళు సూదీ గుడ్డా రాపిడికి ఆ వేళ్ళ కొసలు గులకరాళ్ళలా నున్నబడిపోయాయి. యంత్రం చాలాసేపు ఆలోచించి "వేలు కనబడలేదు" అంది. అత్తయ్య వేలు ఎత్తి అందరికీ చూపించింది. అందరికీ కనబడింది.

పోనీ కన్ను అన్నారు. గోడకున్న చిన్న కెమెరా ముందు కన్ను పెట్టింది. "కనుపాప స్పష్టంగా లేదు. కంటిని సరిచేసుకుని మళ్ళీ ప్రయత్నించండి" అని తెర మీద వచ్చింది.

"దానికే కదమ్మా డబ్బడుగుతున్నాను," అంది అత్తయ్య.

ఎంత ముందుచూపు! కన్ను బాగుంటే గానీ డబ్బు రాదు. డబ్బు వస్తే గానీ కన్ను బాగుపడదు. ఖాతాదారు దుబారా చెయ్యకుండా ఇంత పకడ్బందీ ఏర్పాటు ఏ పాత యంత్రమైనా చెయ్యగలదా?

అద్దాల గదిలోంచి మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. కొత్త సంతకం నమోదు చేసుకోవచ్చని చెప్పాడు. దానికో దరఖాస్తు ఉంది. ఆ దరఖాస్తు మీద పాత సంతకం పెట్టాలి. అది నూటికి ఎనభై కలవాలి.

"పాతదే వస్తే కొత్తది దేనికి బాబూ?" అంది అత్తయ్య.

"రూలండీ," అన్నాడు మేనేజరు. ఆ మాట అనేటప్పుడు ఆయన నేల చూపులు చూశాడు.

మర్నాడు అత్తయ్య ఇంటికి వెళితే ఆమె కిటికీ దగ్గర కూర్చుని, పిల్లలు కాపీ రాసుకునే నాలుగు గీతల నోటుబుక్కు ముందేసుకుని సంతకం సాధన చేస్తోంది. పక్కన పాత పాసుబుక్కు. ఎడం చేత్తో కుడిచేతి మణికట్టు గట్టిగా పట్టుకుంది. అప్పటికి ముప్పై పేజీలు నిండాయి. ప్రతి పేజీలోనూ ఆమె పేరే, ఒక్కో లైనులో ఒక్కోలా వణుకుతూ.

"ఒరే, ఈ మొదటక్షరం తోక పైకి పోతుందా, కిందికి పోతుందా? చూసి చెప్పు. నాకు ఆనడం లేదు," అంది.

నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, నేను ఎవరి తరఫున ఈ కాలమ్ రాస్తున్నానో ఒక నిమిషం మరిచిపోయాను. తన పేరు తనది కాదని ఎవరో అంటే, ఒక ముసలి మనిషి చూపు ఆనని కంటితో తన పేరునే కాపీ కొడుతోంది. నేను ఆ నోటుబుక్కు తీసుకుని నేరుగా బ్యాంకుకు వెళ్ళి అరిచాను. ఏమేం అరిచానో రాయను. గార్డు నాకు మంచినీళ్ళు ఇచ్చాడు.

మేనేజరు ఆ ముప్పై పేజీలూ తిప్పి చూశాడు. తలుపేసుకుని గంటసేపు రూల్సు పుస్తకాలు తిరగేశాడట. నెలాఖరుకు రెండు రోజులుందనగా ఫోన్ చేశాడు. ఒక దారి దొరికింది. పాత కాగితం ఫారం ఒకటి రద్దు చెయ్యడం మరిచిపోయారు. అందులో యంత్రంతో పని లేదు. ఇంకు వేలిముద్ర, ఇద్దరు సాక్షులు, అంతే. కాకపోతే అది చదువురాని ఖాతాదారులకు మాత్రమే.

అత్తయ్య ఆ ఫారాన్ని మొహం దాకా తెచ్చుకుని చదివింది. షాపులో పని నేర్చుకోవడానికి వచ్చిన ఎంతోమంది ఆడపిల్లలకు కొలతలు రాయడం, పేరు రాయడం నేర్పిన మనిషి. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, నా కాలమ్‌లో తప్పులు పట్టి మరీ ఫోన్ చేసే మనిషి.

"నాకు చదువు రాదని రాసివ్వాలా?"

"రాయక్కర్లేదు పెద్దమ్మగారూ, అచ్చయ్యే ఉంది," అని కౌంటరమ్మాయి మెల్లగా చెప్పింది. "మీరు కింద సంతకం పెడితే చాలు."

ఆ మాట అనేశాక ఏమన్నదో ఆమెకు తెలిసింది. తల వంచుకుంది. కానీ ఫారంలో అలాగే ఉంది మరి. నాకు చదువు రాదు, సంతకం రాదు, ఇట్లు, ఖాతాదారు సంతకం.

అత్తయ్య సంతకం పెట్టింది. చెయ్యి బాగా వణికింది. ఆ సంతకాన్ని ఎవరూ దేనితోనూ పోల్చి చూడలేదు. తరవాత బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద అద్ది ముద్ర వేసింది. బయటికొచ్చాక ఆ వేలిని చీర చెంగుతో తుడుచుకుంటూనే ఉంది. ఇంకు ఎప్పుడో పోయింది, ఇంకా తుడుస్తూనే ఉంది.

"ఒరే, నువ్వు పేపర్లో రాస్తావు కదా," అంది ఆటోలో.

"ఏం రాయమంటావత్తా?"

"నాకు చదువొచ్చని రాయి."

రాస్తున్నాను. మా మేనత్తకు చదువొచ్చు.

ఆపరేషన్ బాగా జరిగింది. నెల తిరిగాక, ఇప్పుడు కన్ను సరిచేసుకున్నాం కదా అని మళ్ళీ బ్యాంకుకు వెళ్ళాం. అత్తయ్య కెమెరా ముందు నిలబడింది. ఈసారి యంత్రం వెంటనే గుర్తుపట్టింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. అత్తయ్య ఆరడుగుల దూరం నుంచి, అద్దాలు లేకుండా, హాలంతా వినబడేలా వాటిని చదివింది.

"స్వాగతం. చదువురాని ఖాతాదారు."

క్యూలో ఎవరూ నవ్వలేదు. కౌంటరమ్మాయి లేచి వచ్చి అత్తయ్యను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన కౌంటరు ముందు కూర్చోబెట్టింది. ఆ పక్క కుర్చీలో నేలమాళిగ పెద్దాయన ఉన్నాడు. పెన్షన్ పని మీద వచ్చి మూడు గంటలుగా కూర్చున్నాడట. స్వెట్టరు లేకపోయేసరికి నేను వెంటనే పోల్చుకోలేకపోయాను. ఆయన మెడ చాచి కౌంటరమ్మాయి తెరను చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఆ కింద ఫ్యాక్స్ నంబరు అని ఒక గడి ఉంది. అది ఎవరైనా నింపుతారా?"

"ఫ్యాక్స్ ఇంకా ఎవరికుంది బాబాయ్? అన్ని ఖాతాలకూ ఖాళీయే. అంకెలు తప్ప అక్షరాలు కూడా పట్టవు."

"అంకెలు చాలవూ?" అన్నాడు ఆయన.

ఆమె ఆయన వంక చూసింది. తరవాత అటూ ఇటూ చూసింది. అత్తయ్య ఖాతా తెరిచి ఫ్యాక్స్ గడిలో 3 అని కొట్టింది.

ఆ తరవాత కథ క్లుప్తంగా చెబుతాను. ఇప్పుడు మా బ్యాంకులో ప్రతి కౌంటరు అద్దం కిందా చేత్తో రాసిన చిన్న చీటీ ఒకటి ఉంటుంది. అందులో అంకెలు, వాటి ఎదురుగా పాత రెండో లైను ముక్కలే. 3 ఉన్నవాళ్ళ సంతకం కోసం యంత్రాన్ని అడగరు. పక్క కౌంటరు గుమాస్తాలు ఇద్దరు లేచొచ్చి, మాకు ఈ మనిషి తెలుసు అని సాక్షి సంతకాలు చేస్తారు. అద్దాల గదిలో మేనేజరు ఆ సమయానికి గోడ వైపు తిరిగి ఫైలు చూసుకుంటాడు.

పోయిన శుక్రవారం నా పని మీద వెళ్ళాను. నేను ఇంకా నోరు తెరవనే లేదు. కౌంటరమ్మాయి తెర వంక చూసి, లేచి, కుర్చీ లాగి వేసింది. గార్డు మంచినీళ్ళు తెచ్చాడు. ఈ మర్యాదకు పొంగిపోయాను. పేపర్లో రాసేవాణ్ణని తెలిసిపోయింది కాబోలు అనుకున్నాను. ఆమె తెర మీద నా ఖాతాకు ఫ్యాక్స్ నంబరు 4 అని ఉంది.

తోడొచ్చిన అత్తయ్య అద్దం మీదికి వంగి, కొత్త కంటితో చీటీ చదివింది.

"4. ఊరికే అరుస్తాడు. కూర్చోబెడితే చాలు."

నా కవరు మీద ఏముందో మీకు ఇప్పుడు తెలిసింది. ఒక్క అక్షరం మారలేదు.

మనిషిని గుర్తుపట్టే బ్యాంకు కన్నా ప్రమాదకరమైనది లేదని మొదట్లోనే చెప్పాను. ఇది పచ్చి క్రమశిక్షణా రాహిత్యం. ఇన్ని కోట్లు పోసి, ఏడేళ్ళు కష్టపడి బ్యాంకు మమ్మల్ని మరిచిపోతే, నలుగురు గుమాస్తాలు ఒక చీటీ ముక్కతో మళ్ళీ గుర్తుపెట్టుకుంటారా? పెద్దలు వెంటనే చర్య తీసుకోవాలి.

ఇలా అచ్చేస్తే ఆ గడి కూడా చెరిపేస్తారేమోనని కౌంటరమ్మాయి భయపడింది. నేను ధైర్యం చెప్పాను. పెద్దలు నా కాలమ్ మొదటి లైను చూసి, మెచ్చుకుని, పేపరు మడిచేస్తారు. రెండో లైను దాకా చదివే అలవాటే వాళ్ళకుంటే మా అత్తయ్య బొటనవేలికి ఇంకు అంటేదే కాదు.